బురదలో గుర్రం: దారి వేయించాలా, అమ్మేయాలా?

ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీ నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయవద్దని కోరుతూ, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. భార్యాభర్తలిద్దరూ గుంటూరు వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారు. ఆయన ఆసుపత్రిలో వైద్యులు, ఆమె ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తారు. పదిహేనేళ్ల కూతురు పట్టుబట్టగా రెండేళ్ల కిందట కాబ్ రకం (పొట్టిగా, బలిష్ఠంగా ఉండేది) ఆడ గుర్రాన్ని కొన్నారు. ఊరి చివర ఒక రైతు దగ్గర నాలుగు ఎకరాల పచ్చిక బయలును మరొక స్థానిక మహిళతో కలిసి, నోటిమాట మీద, ఏడాదికి ఇంతని అద్దెకు తీసుకున్నారు. ఆ మహిళ ముసలి గుర్రం కూడా అక్కడే ఉంటుంది. నవంబరు మొదలయ్యేసరికి గేటు దగ్గర, పక్కనే ఉన్న రేకుల షెడ్డు ముందర మోకాటిలోతు బురద అవుతోంది. ఈ చలికాలంలో గుర్రం వెనక కాళ్లకు మడ్ ఫీవర్ (బురద తేమ వల్ల వచ్చే చర్మవ్యాధి) వచ్చి పశువైద్యుడిని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. ఒక లాడం బురదలోనే ఊడిపోయింది. బయలు చుట్టూ 250 మీటర్ల పొడవున, 4 మీటర్ల వెడల్పున రాతి దారి వేయడానికి ఒక కాంట్రాక్టరు 22,000 పౌండ్లు చెప్పాడు. తోటి అద్దెదారు చెక్క పేళ్లు పోస్తే చాలంటున్నారు. భర్త మాత్రం, అంత డబ్బు పరాయి నేలలో పోసే బదులు గుర్రాన్ని అమ్మేద్దామంటున్నారు. ఆ మాట విన్న రోజు నుంచి అమ్మాయి తండ్రితో సరిగా మాట్లాడటం లేదు. ఇంటికి వచ్చి ఉన్న అత్తగారు, "మూగజీవాన్ని తెచ్చి రొచ్చులో నిలబెట్టడం మహాపాపం" అని రోజూ అంటున్నారట. దారి వేయించాలా, వేయిస్తే దేనితో, లేక అమ్మేయడమే మంచిదా అన్నది ఆమె అడుగుతున్న విషయం.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు సమస్యలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి గుర్రం కాళ్లు, రెండోది నేల, మూడోది మీ ఇల్లు. మీ వారు నేల గురించి మాట్లాడుతుంటే మీ అమ్మాయికి అది గుర్రం గురించి అన్నట్టుగా వినబడుతోంది. అందుకే మాట పెరుగుతోంది. వీటిని విడదీసి చూద్దాం.

ముందుగా కాళ్ల సంగతి, ఎందుకంటే అది వచ్చే ఎండాకాలం దాకా ఆగదు. బురదలో నానిన చర్మం మెత్తబడి పగిలినప్పుడు డెర్మటోఫైలస్ అనే సూక్ష్మజీవి లోపలికి చేరి పక్కులు కట్టిస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు గొట్టంతో కాళ్లు కడుగుతున్నామని రాశారు. ఆ పని ప్రేమతో చేస్తున్నదే అయినా, కడిగాక పూర్తిగా ఆరబెట్టకుండా మళ్లీ బయటికి వదిలితే చర్మం ఇంకా నానుతుంది. బురదను ఎండనిచ్చి బ్రష్‌తో దులపడం, కడగక తప్పనప్పుడు తువ్వాలుతో ఒత్తి ఆరబెట్టడం మేలు. పక్కులను బలవంతంగా పీకవద్దు. చాలా కాబ్ గుర్రాలకు గిట్టల పైన ఒత్తుగా వెంట్రుకలు ఉంటాయి కాబట్టి ఆ కుచ్చులో తేమ నిలవడమే కాకుండా, కాళ్లను కొరికే సన్నని పురుగులు కూడా చేరవచ్చు. పైకి చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, మందులు మాత్రం వేరు. గుర్రం నేలకేసి కాలు కొట్టుకుంటోందా, ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటోందా గమనించి వైద్యుడికి చెప్పండి. వెంట్రుకలు కత్తిరించాలా వద్దా అన్నది కూడా ఆయన్నే అడగండి. కాలు వాచినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కుంటినా ఆ రోజే పిలవాలి.

ఇక నేల. మీరుండేది కెంట్ దక్షిణాన ఉన్న వీల్డ్ ప్రాంతం, అక్కడ చాలా చోట్ల బంకమట్టే. ఏడాది మొత్తం మీద అక్కడ పడే వాన హైదరాబాద్‌లో పడే వాన కంటే మరీ ఎక్కువేమీ కాదు, రెండు చోట్లా ఏడెనిమిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తేడా అంతా ఆ నీరు తర్వాత ఏమవుతుందన్న దానిలో ఉంది. కెంట్‌లో అక్టోబరు దాటితే పొద్దు కుంగిపోతుంది, ఆవిరయ్యే నీరు చాలా తక్కువ, గడ్డి వేళ్లు పీల్చేదీ తక్కువే. బంకమట్టి కిందికి ఇంకనివ్వదు. కాబట్టి పడిన నీరు మార్చి దాకా పైపైనే నిలుస్తుంది. దాని మీద నాలుగైదు వందల కిలోల జంతువు నాలుగు చిన్న గిట్టల మీద బరువంతా వేసి రోజూ ఒకే చోట నిలబడితే గడ్డి వేళ్లు తెగి, మట్టిలోని గాలి సందులు మూసుకుపోయి, ఆ చోటు నీటిని మరింతగా పట్టి ఉంచే గిన్నె అవుతుంది. దీనికి లద్దె తోడవుతుంది. ఒక్కో గుర్రం రోజుకు సుమారు 20 కిలోలు వేస్తుంది. రెండు గుర్రాలు ఒక్క చలికాలంలో వేసేది 6 టన్నుల దాకా ఉంటుంది. కింద పారేసిన గడ్డి కూడా దానిలో కలిసి కుళ్లుతుంది. మీరు బురద అంటున్నదంతా మట్టే కాదు.

మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. షెడ్డు పైకప్పుకు గట్టర్ లేదని, నీళ్లు ముందు వైపు కారతాయని, గేటుకు అదే దగ్గర కాబట్టి గడ్డి కూడా అక్కడే వేస్తామని రాశారు. షెడ్డు సుమారు 6 మీటర్లు, 10 మీటర్లు అన్నారు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. అంటే 20 మిల్లీమీటర్ల వాన పడిన రోజున మీ షెడ్డు పైకప్పు 1,200 లీటర్ల నీటిని సరిగ్గా గుర్రాలు నిలబడే చోటే గుమ్మరిస్తోంది. ఏడాది మొత్తానికి 40,000 లీటర్లు దాటుతుంది. దీనికి ఒక గట్టర్, ఒక గొట్టం, నీరు పట్టుకునే ఒక పెద్ద డ్రమ్ము, డ్రమ్ము నిండాక మిగిలిన నీరు పల్లం వైపు పోయే ఏర్పాటు చాలు. ఎవరి సలహా విన్నా, ఏ మార్గం ఎంచుకున్నా ఈ పని మాత్రం ముందు జరగాలి, పైగా అది చలికాలంలో కూడా చేయగలిగిన పని. గడ్డి వేసే చోటు, నీళ్ల తొట్టి, గేటు, ఈ మూడూ ఒకే మూల ఉండటం మీకు సౌకర్యం, నేలకు శిక్ష. తొట్టినీ గడ్డినీ గేటుకు దూరంగా, ఎత్తైన చోటికి జరిపితే మీరు రోజూ పది నిమిషాలు ఎక్కువ నడవాలి. అయితే గుర్రాలు కూడా నడుస్తాయి, గేటుకు కొంత విశ్రాంతి దొరుకుతుంది.

ఇప్పుడు కాంట్రాక్టరు చెప్పిన దారి. బయలు అంచు వెంబడి కంచెకు లోపల ఇంకో కంచె కట్టి, మధ్యలో మిగిలిన సందులో గుర్రాలను తిప్పే పద్ధతికి మంచి కారణాలే ఉన్నాయి. గడ్డి ఒకచోట, నీళ్లు ఇంకోచోట పెడితే గుర్రం రోజంతా నడుస్తూనే ఉంటుంది, పచ్చగడ్డి అతిగా మేయదు. తేలిగ్గా ఒళ్లు చేసే కాబ్ లాంటి గుర్రాలకు, గిట్టలను దెబ్బతీసే లామినైటిస్ భయం ఉన్నవాటికి ఇది ఉపయోగమే. అయితే ఆ సందులో రాయి వేయకుండా బంకమట్టి మీద చలికాలంలో తిప్పితే, గేటు దగ్గర ఉన్న బురద బయలు చుట్టూ పరుచుకుంటుంది. రాయి వేయాలంటే లెక్క చూడండి. 250 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 150 ఘనపు మీటర్ల రాయి. సుమారు 250 టన్నులు, అంటే 20 టన్నులు మోసే లారీలు పన్నెండు, పదమూడు రావాలి. నోటిమాట మీద అద్దెకున్న నేలలో ఇది పెద్ద పందెం. వేసిన రాయి నేలకే చెందుతుంది. రైతు రేపు ఖాళీ చేయమంటే మీరు దాన్ని మూటగట్టుకుని తెచ్చుకోలేరు. ఈ విషయంలో మీ వారి అనుమానం సబబైనదే, ఆ మాట ఆయనతో మీరే ముందు అనండి.

రెండో మార్గం, నాకు మీ పరిస్థితికి దగ్గరగా కనబడేది, షెడ్డు ముందర గట్టి ఆవరణ ఒకటి వేసుకోవడం. 12 మీటర్లు, 15 మీటర్లు ఉంటే రెండు గుర్రాలు తిరగడానికి, ఒకదాని నుంచి ఒకటి తప్పుకోవడానికి సరిపోతుంది. దీనికి 27 ఘనపు మీటర్ల రాయి, అంటే 45 టన్నులు, రెండు మూడు లారీలు చాలు. కాంట్రాక్టరు చెప్పిన ధరలోనే చూస్తే 4,000 పౌండ్ల దగ్గర తేలుతుంది. పని చిన్నది కాబట్టి చదరపు మీటరుకు కొంచెం ఎక్కువే అడగవచ్చు. వాన బాగా పట్టిన రోజుల్లో గుర్రాలను అక్కడే ఉంచి, నేల ఆరినప్పుడు బయలులోకి వదులుతారు. దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. చిన్న ఆవరణలో ఉన్నంతసేపూ అవి నడిచేది తక్కువ, గడ్డి మీరే వేయాలి, లద్దె రోజూ ఎత్తాలి. ఒక్క వారం ఎత్తకపోతే పైనున్న సన్న రాయి లద్దెతో పూడి, నీరు దిగక, మళ్లీ బురద తయారవుతుంది. ఆ పని రోజూ ఎవరు చేస్తారన్నది మీ అమ్మాయితో తేల్చుకోవలసిన విషయం.

ఆవరణ ఎంత పెద్దదన్న దాని కంటే కింద ఏముందన్నది ముఖ్యం. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల డొంకల్లో ట్రాక్టర్లతో గ్రావెల్ తోలించినా రెండు వానాకాలాలకు డొంక దాన్ని మింగేయడం మీ అత్తగారు చూసే ఉంటారు. వీల్డ్ బంకమట్టి కూడా అంతే. బురద మీద నేరుగా కంకర పోస్తే కంకర కిందికి, మట్టి పైకి వస్తాయి, డబ్బు మాత్రం కనబడకుండా పోతుంది. కాబట్టి ముందు మెత్తటి మట్టిని 15, 20 సెంటీమీటర్లు ఎత్తివేసి గట్టి నేల కనబడేలా చేయాలి. ఆ నేలకు 50 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలు ఇవ్వాలి, వాలు షెడ్డు వైపు కాకుండా బయటి వైపుకు ఉండాలి. ఎగువ నుంచి వచ్చే నీటిని ఆవరణకు చేరకముందే పట్టడానికి కంకర నింపిన కందకంలో చిల్లుల గొట్టం వేయాలి. ఆపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, అంచులు ఒకదాని మీద ఒకటి కనీసం 30 సెంటీమీటర్లు ఎక్కాలి. నీరు దిగనిచ్చి మట్టిని పైకి రానివ్వకుండా చేసేది ఆ గుడ్డే. దాని మీద 40 మిల్లీమీటర్ల కంకర 15 సెంటీమీటర్ల మందంలో పోసి రోలర్‌తో తొక్కించాలి. దానిపైన గిట్టలకు గుచ్చుకోని సన్న రాయి లేదా రాతి పొడి ఒక పొర ఉండాలి. కాంట్రాక్టరు ఇచ్చిన కాగితంలో గుడ్డ మాట, మట్టి ఎత్తివేసే మాట, వాలు మాట ఉన్నాయేమో చూడండి. ఈ మూడూ లేకుండా చెప్పిన ధర ఎంత తక్కువైనా ఎక్కువే.

రాయి ఏది అన్న దానికి స్థానికంగా దొరికే కెంటిష్ రాగ్‌స్టోన్ అనే గట్టి సున్నపురాయి బాగానే ఉంటుంది. కూల్చిన కట్టడాల కాంక్రీటు ముక్కలు చవకే కానీ వాటిలో గాజు పెంకులు, ఇనుప తీగలు, మేకులు వస్తాయి. గిట్టలో మేకు దిగితే ఆదా చేసిన డబ్బంతా ఒక్క రోజులో పోతుంది. పాత రోడ్లు గీకిన తారు పొడి చాలామంది వాడతారు, బాగానే గట్టిపడుతుంది. అయితే అది చట్టం దృష్టిలో వ్యర్థం కాబట్టి పర్యావరణ సంస్థ దగ్గర ముందుగా నమోదు అవసరమేమో కనుక్కోవాలి. ఇసుక పైపొరగా వేస్తే దాని మీద గడ్డి నేరుగా పెట్టకండి. గడ్డితో పాటు ఇసుక తిన్న గుర్రాలకు కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది.

మీ తోటి అద్దెదారు చెప్పిన చెక్క పేళ్ల సంగతి. ఆమె చెప్పేది పూర్తిగా తప్పు కాదు. పేళ్లు గిట్టలకు మెత్తగా ఉంటాయి, పోసిన మొదటి చలికాలం చూడముచ్చటగా ఉంటుంది. కానీ అవి కుళ్లే పదార్థం. ఒకటి రెండేళ్లలో నల్లటి ముద్దగా మారి మీకున్న బురదకు ఇంకొంత కలుస్తాయి, అప్పుడు గీకి ఎత్తివేసే ఖర్చు వేరే. కింద గుడ్డ వేసి, ఏటా పైపొర తీసి కొత్తవి పోసే ఓపిక ఉంటే నడుస్తుంది. ఏ చెట్టు పేళ్లో కూడా అడగాలి. యూ చెట్టు, నల్ల వాల్‌నట్ చెట్టు పేళ్లు గుర్రాలకు విషం. ఉచితంగా లారీ తెచ్చి గుమ్మరిస్తామనే వాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు.

రాయి వేయడం ఇష్టం లేకపోతే, లేదా రైతు ఒప్పుకోకపోతే, ఒకదానిలో ఒకటి బిగించే ప్లాస్టిక్ పలకలు మూడో మార్గం. వాటి గళ్లలో సన్న రాయి నింపుతారు. చదరపు మీటరుకు ఖర్చు ఎక్కువైనా, ఖాళీ చేసే రోజున విప్పి తీసుకువెళ్లవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అద్దె నేలలో ఉన్నవారికి ఇది చిన్న లాభం కాదు. కానీ అమ్మేవారు చెప్పినట్టు నేరుగా బురద మీద పరిస్తే జారుడు బురదలో పలకలు వంకరపోయి అంచులు పైకి లేస్తాయి, వాటిలో లాడం ఇరుక్కుంటుంది. కింద చదును చేయడం, వాలు, గుడ్డ వీటికీ కావాలి. 5 మీటర్లు, 6 మీటర్ల గేటు ముందు భాగానికి మాత్రమే వేసి చూడటం తెలివైన పని.

చుట్టూ తిరిగే దారి ఆలోచన మీకు నిజంగా నచ్చితే దాన్ని ఎండాకాలానికి వాడుకోండి. ఏప్రిల్ నుంచి కరెంటు టేపు కంచెతో గుర్రాలను అంచునే తిప్పుతూ, ఆగస్టు నుంచి మధ్య భాగాన్ని ముట్టకుండా గడ్డి పెరగనివ్వండి. నవంబరు తర్వాత ఆ గడ్డిని కొద్దికొద్దిగా, నేల గట్టిగా ఉన్న రోజుల్లోనే, కంచె జరుపుతూ మేపుకోవచ్చు. దీనికి రాయి ఖర్చు లేదు. అయితే మీ గుర్రానికి లామినైటిస్ చరిత్ర ఉంటే ఆ గడ్డి ఎంత, ఎప్పుడు అన్నది వైద్యుడిని అడిగి చేయాలి. దారి మూలలను గుండ్రంగా ఉంచండి, మూసుకుపోయే సందులు వద్దు. ముసలి గుర్రాన్ని మీ కాబ్ తరిమితే తప్పుకునేందుకు అక్కడక్కడ వెడల్పు ఉండాలి. ఇంకొక మాట, మీ హద్దు చెట్లేమిటో ఈ వారమే చూడండి. సికమోర్ చెట్టు రెక్కల విత్తనాలు శరదృతువులో, మొలకలు వసంతంలో, తిన్న గుర్రాల కండరాలను నాశనం చేస్తాయి, చాలా గుర్రాలు బతకవు. ఓక్ కాయలు అతిగా తిన్నా ప్రమాదమే. పచ్చిక నిండుగా ఉన్న బయలులో గుర్రం వీటిని చాలావరకు వదిలేయవచ్చు. గడ్డి లేని అంచు దారిలో ఆకలితో ఉన్నది వదలదు.

ఏ రాయి పని చేయాలన్నా రైతు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అద్దె ఒప్పందాన్ని కూడా కాగితం మీదికి తెచ్చి, కనీసం మూడేళ్ల గడువు అడగండి. ఆవరణ వల్ల ఆయన నేల విలువ పెరుగుతుంది కాబట్టి ఖర్చులో కొంత అద్దెలో తగ్గించమని అడగడంలో తప్పు లేదు. ఆయన కాదంటే 4,000 పౌండ్లు కూడా ఎక్కువేనని మీకు తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లో గుర్రాలు ఊరికే మేయడం వ్యవసాయం కిందికి వస్తుంది కానీ, సరదాకు పెంచుతూ దాణా వేసి పోషించడం రాదు. అందువల్ల రాతి ఆవరణకు స్థానిక కౌన్సిల్ నుంచి నిర్మాణ (ప్లానింగ్) అనుమతి అవసరం కావచ్చు, రైతుకు ఉన్న మినహాయింపులు మీకు వర్తించవు. ముందుగానే కౌన్సిల్‌కు రాసి అడగండి. లద్దె కుప్ప కాలువకు కనీసం 10 మీటర్లు, బావికి 50 మీటర్లు దూరంలో ఉండాలి. హద్దులో కాలువను పూడ్చడం, గొట్టంలోకి మళ్లించడం లాంటివి అనుమతి లేకుండా చేయవద్దు.

ఇక ఇంటి మాట. గుర్రాన్ని అమ్మడం పాపం కాదు, ఉంచుకోవడం పుణ్యమూ కాదు. గట్టి ఆవరణ ఉన్న లివరీకి, అంటే డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాలను ఉంచుకునే శాలకు, మార్చడం నాలుగో మార్గం. నెలనెలా ఖర్చు పెరుగుతుంది, అమ్మాయి రోజూ వెళ్లే దూరం పెరగవచ్చు, ఇన్నాళ్లూ తోడున్న ముసలి గుర్రం నుంచి విడదీయాల్సి వస్తుంది. కానీ నేల బాధ్యత మీ మీద ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా మాత్రమే అలా పెట్టి, ఎండాకాలం మళ్లీ మీ బయలుకు తెచ్చుకునేవారూ ఉన్నారు. అమ్మాలనుకుంటే కాళ్లు మానిన తర్వాత అమ్మండి. మడ్ ఫీవర్‌తో ఉన్న కాబ్‌కు మంచి ఇల్లు దొరకడం కష్టం, కొనేవారి దగ్గర ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

మీ వారికి, అమ్మాయికి మధ్య మీరు రాయబారం నడపడం ఆపండి. మూడేళ్లలో అమ్మాయి విశ్వవిద్యాలయానికి వెళ్తుంది, అప్పుడు గుర్రం సంగతి ఏమిటన్న ప్రశ్న మీ వారి మనసులో ఉందనీ, బురద పేరుతో ఆ ప్రశ్ననే అడుగుతున్నారనీ నాకు అనిపిస్తోంది. అది న్యాయమైన ప్రశ్న. అమ్మాయి దానికి జవాబు ఆలోచించగల వయసులో ఉంది. ఖర్చు కాగితాలు ముగ్గురి ముందూ పెట్టి, ఏ మార్గానికి ఎంత డబ్బు, ఎవరి శ్రమ ఎంత అన్నది ఆ అమ్మాయి చేతే రాయించండి. లద్దె ఎత్తే పని తనదేనని తనే రాస్తే తండ్రికి అది కన్నీళ్ల కంటే బలమైన వాదన. రాయలేకపోతే అదీ ఒక సమాధానమే, తిట్టకుండా వినండి. అత్తగారి మాటలో కోపం కంటే జాలి ఎక్కువ ఉందనుకుంటాను. ఒకసారి ఆమెను బయలు దగ్గరికి తీసుకువెళ్లి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూపించండి, రేగడి నేలల్లో పెరిగిన మనిషికి మీ కాంట్రాక్టరు కంటే ముందే వాలు తెలిసిపోవచ్చు.

రాతి పని మాత్రం ఈ చలికాలంలో చేయించకండి. నానిన బయలులోకి 20 టన్నుల లారీ దిగితే మీరు బాగుచేయాలనుకున్న దాని కంటే పెద్ద గుంటలు పడతాయి. జులై, ఆగస్టుల్లో నేల గట్టిగా ఉన్నప్పుడు చేయించాలంటే కౌన్సిల్ ఉత్తరం, రైతు కాగితం, ఇంకో ఇద్దరు కాంట్రాక్టర్ల అంచనాలు, ఇవన్నీ మార్చి, ఏప్రిల్ నెలల్లో చేతిలో ఉండాలి. అప్పటిదాకా గట్టర్ బిగించి, గడ్డి, నీళ్లు జరిపి, షెడ్డు లోపల పొడి పరుపు వేసి, రోజుకు కొన్ని గంటలైనా ఆ కాళ్లు ఆరేలా చూడండి.